వామి నడుమ నుంచి చిటికెడు గడ్డి

ఊపిరితిత్తుల ఆసుపత్రి
ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం
వానలు ఇంకా మొదలవలేదు

ఒరేయ్ దర్జీ,

నన్ను ఇక్కడ దింపి వెళ్ళేటప్పుడు నువ్వు ఏడుస్తావేమోనని భయపడ్డాను. ఏడవలేదు, సంతోషం. నేనూ ఏడవలేదు. దగ్గు ఆగకుండా వస్తుంటే ఏడవడానికి ఖాళీ దొరకదు.

ఇక పని సంగతి. కొట్టంలో వేస్తున్న ఆ గడ్డివామే ఈ వానాకాలానికీ, ఆ తర్వాత చలికాలానికీ మన ఆవుల తిండి. అది చెడితే బయట కొందామన్నా దొరకదు, ఆవుల్ని అమ్ముకోవాల్సిందే. మీ బావ పోయాక నన్ను నిలబెట్టింది ఆ ఆవులేనని నీకు వేరే చెప్పక్కర్లేదు. కత్తెర తప్ప ఇంకేమీ పట్టని చేతుల్లో వాటిని పెట్టి వచ్చాను. నీ దుకాణం మూసుకుని వచ్చావు, అది మరిచిపోను. మెచ్చుకోవడం మాత్రం వామి నిలిచాకే.

ఆ కొట్టం రాతిగోడలు చెమ్మ పీలుస్తాయి. వామికీ గోడకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉండాలి. గడ్డి దుంగల మీదే ఉండాలి, నేలకు తగలకూడదు. పొడిగాలి వీచినప్పుడు రెండు వైపులా కిటికీలు తెరువు. జల్లు కొడితే అది వచ్చే వైపుది మూసెయ్, రెండోది వదిలెయ్. పైనుంచి పడే తడి అందరికీ కనిపిస్తుంది. గడ్డి తనలోంచి తానే వదిలే తడి ఒకటుంటుంది, అది ఎవరికీ కనిపించదు. దానికి గాలి కావాలి.

తలుపు వెనక కొక్కెం ఉన్న పొడుగు కర్ర ఉంది చూడు. దాన్ని వామి నడుమ దాకా గుచ్చి, మెలితిప్పి లాగితే చిటికెడు గడ్డి వస్తుంది. నేను దాన్ని వాసన చూసి లోపల ఎలా ఉందో చెప్పేదాన్ని. నీ వల్ల కాదు. పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా తల ఎత్తని మహానుభావుడివి. అందుకని ప్రతి ఉత్తరంలోనూ ఆ నడుమ గడ్డి చిటికెడు పెట్టి పంపు. ఏం చెయ్యాలో ఇక్కడినుంచి నేను చెబుతాను.

మీ అక్క

*

ఇంటి నుంచి
మొదటి జల్లు పడిన మర్నాడు

అక్కా,

నీ ఉత్తరం ముందు ఆవులకు చదివి వినిపించాను. నల్లది మధ్యలోనే తోకతో నా మొహాన ఒకటి కొట్టింది. నీ మాటలు వింటూ నన్ను చూసేసరికి దానికి కోపం వచ్చినట్టుంది.

పాలు పితకడం వచ్చేసింది. అంటే, నేను పితుకుతున్నానని ఆవులు ఒప్పుకుంటున్నాయి. వామికీ గోడకీ మధ్య సందు ఉంది, నేను పక్కకు తిరిగితే పడుతున్నాను, నువ్వు రోజూ తిట్టిపోసే నా పొట్టతో సహా.

ఒక సంగతి చెప్పాలి. నిన్ను దింపి వచ్చాక, చివరి బండ్ల గడ్డిని మబ్బులు కమ్ముకొస్తుంటే హడావిడిగా లోపలికి చేర్చాం. కాడ మెలిపెట్టి చూడమని చెప్పావుగా, చూశాను. కొన్ని టక్కున విరిగాయి. కొన్ని దారంలా వంగాయి. ఆ వంగినవి లోపల ఆరతాయిలే అని వామిలోనే వేయించేశాను. ఇంకో సంగతి, కప్పు రేకులకు తెల్లవారేసరికి లోపలివైపు చెమట పట్టి, చుక్కలు వామి మీద పడుతున్నాయి. దానికి నేనొక ఉపాయం ఆలోచించాను. ఇప్పుడే చెప్పను, నువ్వు ఒంటికాలి మీద లేస్తావు.

పక్కింటి వడ్రంగి వచ్చి వామి చుట్టూ తిరిగి, "ఇనప కడ్డీ ఒకటి లోపలికి గుచ్చి ఉంచవయ్యా. రోజూ లాగి పట్టుకుని చూడు. చెయ్యి కాలిందంటే లోపల కాగుతున్నట్టే" అన్నాడు. "మా అక్క ముక్కు ఉండగా కడ్డీ ఎందుకండీ" అన్నాను. ఆయన గడ్డం గోక్కుంటూ వెళ్ళిపోయాడు. పెట్టమంటావా?

చిటికెడు గడ్డి ఈ కవర్లోనే ఉంది. కొక్కెం కర్ర లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నీ దర్జీ

*

ఆసుపత్రి
వాన రోజు

దర్జీకి,

నువ్వు పంపిన గడ్డి అందింది. చూశాను. బాగుంది.

వంగిన గడ్డి వేయించడం నాకు నచ్చలేదు. కానీ వాసన బాగుంది కాబట్టి ఈసారికి తిట్టను. కడ్డీలూ గిడ్డీలూ ఏమీ అక్కర్లేదు. ఆ వడ్రంగి ఇనుమునీ చెక్కనీ చూసుకోమను, గడ్డిని నేను చూసుకుంటాను. ఇన్నేళ్ళూ ఏ కడ్డీ చెప్పిందట నాకు?

ఇక్కడ నర్సు మంచిదే, కానీ మన నల్లది లాంటి మనిషి, దగ్గరికి వెళ్తే ఎటు కొడుతుందో తెలియదు. నా కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు కనిపిస్తుంది. దాని కప్పు కూడా రేకులదే. పొద్దున్నే దాని కింద సైకిళ్ళ సీట్లన్నీ తడిసి ఉంటాయి. అది చూసినప్పుడల్లా మన కొట్టం గుర్తొచ్చి మనసు అక్కడికే పోతోంది.

ఎక్కువ రాయలేను. మళ్ళీ పంపు.

మీ అక్క

*

ఇంటి నుంచి
ముసురు పట్టిన వారం

అక్కా,

బాగుందన్నావు కదా, గుండెల మీంచి బరువు దిగింది. నిజం చెప్పనా? కవర్లో పెట్టేముందు నేనూ ఓసారి వాసన చూశాను. నాకు కాస్త పుల్లగా అనిపించింది. అయినా నా ముక్కుదేముంది? నువ్వు బాగుందన్నాక నాకు కూడా బాగున్నట్టే అనిపించింది. ఆ మాట వడ్రంగికి చెబితే, "మీ అక్కంతటిది చెప్పాక నేనెవర్ని" అన్నాడు. ఎత్తిపొడిచాడో ఒప్పుకున్నాడో తెలియలేదు.

ముసురు విడవడం లేదు. ఇంట్లో ఉప్పు నీరై పోయింది, తలుపులు ఉబ్బి మూతపడటం లేదు. ఆరేసిన బట్టలు ఆరడమే మానేశాయి. అయినా నీ వామి మీద చుక్క పడనివ్వడం లేదు. ఎలాగని అడగకు. నువ్వు వచ్చాక కళ్ళారా చూడాలి. పుట్టి బుద్ధెరిగాక ఇంత ఒద్దికైన పని చెయ్యలేదు నేను.

చిన్నదూడ నా చొక్కా చేతిని నమిలేసింది. మంచి గుడ్డ. దానికి రుచి తెలుసు.

ఇదిగో చిటికెడు.

నీ దర్జీ

*

ఆసుపత్రి
పొద్దున

తమ్ముడూ,

గడ్డి అందింది. బాగానే ఉంది.

నిన్న నిద్రపట్టక, మన చిన్నతనంలో వామి మీదినుంచి ఎవరు దూరంగా దూకుతారని పందెం వేసుకున్నది గుర్తు చేసుకుంటూ పడుకున్నాను. నువ్వు ఎప్పుడూ దూకేవాడివి కావు. పైన కూర్చుని, "అక్కా, నువ్వు దూకి ఎలా ఉందో చెప్పు" అనేవాడివి. నేను దూకి, మోకాలు చీరుకుని, బాగుందని చెప్పేదాన్ని. నువ్వు నమ్మేవాడివి.

ఇకనుంచి గడ్డి పంపడమే కాదు, నీకు ఎలాంటి వాసన తగిలిందో కూడా రాయి. పుల్లగానా, మట్టిగానా, ఎండిన ఆకులానా. కొట్టంలో అడుగు పెట్టగానే ముందు ఏం తగులుతుందో కూడా రాయి. నీకు చదువు నేర్పిస్తున్నాననుకో. ఉపాయం ఉపాయం అని ఊరిస్తున్నావే, అదేమిటో కూడా రాయి. నాకు ఊరింపులు పడవు.

నల్లది సరిగ్గా తింటోందా?

అక్క

*

ఇంటి నుంచి
వాన కాస్త తెరిపి ఇచ్చింది

అక్కా,

నువ్వు నన్ను 'తమ్ముడూ' అన్నావు. ఆసుపత్రిలో నీకేం మందులు ఇస్తున్నారు?

సరే, అడిగావు కాబట్టి చెప్పేస్తున్నా. పట్నం నుంచి మందపాటి టార్పాలిన్ తెప్పించి, వామికి కొలతలు తీసి, గలీబులా ఒక తొడుగు కుట్టాను! పైనుంచి కిందికి, నాలుగు మూలలా రెండు వరసల కుట్టు, అడుగున తాడుతో బిగింపు. సూదిమొనంత సందు లేదు. రేకుల చుక్కలు టపటపా పడి జారిపోతున్నాయి. దుకాణంలో పెళ్ళిబట్టలకు కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు. ముసురు మొదలైనప్పటినుంచి అది వామి ఒంటిమీదే ఉంది. నీకు చిటికెడు లాగడానికి కింద ఒక చిన్న మడత విప్పుతాను, మళ్ళీ కట్టేస్తాను.

ఇక వాసన. మొదట్లో పులుపు ఉండేదన్నాను కదా, అది పోయింది. ఇప్పుడు కొట్టంలో అడుగు పెడితే ఎంత కమ్మగా ఉందో! పంచదార బాణలిలో ఎర్రగా మాడుతున్నట్టు, దాంట్లో కాస్త పొగాకు కలిసినట్టు. మడత విప్పితే ఇంకా గాఢంగా వస్తోంది. లోపల వెచ్చగా కూడా ఉంది. బయట ఇంత చలిగాలి కొడుతుంటే కొట్టంలో చొక్కా విప్పేసి పని చేసుకుంటున్నాను. మన పిల్లి పొయ్యి దగ్గర పడుకోవడం మానేసి వామి మీదికి చేరింది, దిగమన్నా దిగడం లేదు.

ఇదిగో గడ్డి. రంగు కాస్త గోధుమకు తిరిగింది, మాగిందనుకుంటా. నువ్వే చెప్పాలి.

నీ దర్జీ

*

ఆసుపత్రి
నీ ఉత్తరం చదివిన వెంటనే
మన ఊరి వైపు వెళ్ళే పాల వ్యాను డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను, పోస్టులో వేస్తే ఆలస్యమవుతుంది

తమ్ముడూ,

ఇది చదువుతూనే లేచి కదులు. తడి గడ్డి గాలాడక వామి లోపల తనంతట తానే కాగిపోతోంది. ఆ తియ్యటి వాసన మాగిన వాసన కాదు, మంటకు ముందు వచ్చే వాసన.

ముందు ఆవుల్ని బయటికి తోలెయ్, వాన పడుతున్నా సరే. వడ్రంగినీ, చేతులున్న ప్రతి ఒక్కరినీ పిలువు. నీళ్ళు నింపి దగ్గర పెట్టుకున్నాకే తొడుగు తియ్యి. నీళ్ళు లేకుండా వామి విప్పావో, గాలి తగిలి భగ్గుమంటుంది. పైకెక్కి నిలబడకు, లోపల గుల్లయి ఉంటుంది, కూరుకుపోతావు. పక్కనుంచి కొద్దికొద్దిగా లాగుతూ తడుపుతూ పోండి. లాగిన గడ్డిని కొట్టంలో ఉంచకండి. నీకు భయం వేస్తే గడ్డి వదిలేసి బయటికి వచ్చెయ్. గడ్డి కోసం నువ్వు పోతే నేను బతకను.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. నువ్వు పంపిన గడ్డి నేను వాసన చూశాను, కానీ నాకేమీ తెలియలేదు. ఈ జబ్బులో నా ముక్కు పోయింది. మందు వాసన తెలియదు, సబ్బు వాసన తెలియదు. మొదటి చిటికెడు ముక్కు దగ్గర పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! రంగు పచ్చగా ఉంది, వేళ్ళకు పొడిగా తగిలింది, ఆ రెండూ చూసి బాగుందని రాసేశాను. కవర్లో అన్ని రోజులు ప్రయాణం చేస్తే ఏ గడ్డయినా పొడిగానే తగులుతుందని నాకు తెలియదా? తెలుసు. తెలిసే రాశాను. కడ్డీ వద్దని కూడా నేనే రాశాను.

చదివింది చాలు, పరిగెత్తు.

అక్క

*

ఇంటి నుంచి
కుడిచేతికి కట్టు ఉంది, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు

అక్కా,

అందరం బతికే ఉన్నాం. ఆవులన్నీ బతికున్నాయి. పిల్లి కూడా. ముందు ఇది చదివి ఊపిరి తీసుకో, తర్వాత మిగతాది.

డ్రైవరు ఉత్తరం ఇచ్చేసరికి నేను పాలు కొలుస్తున్నాను. నాలుగు ముక్కలు చదివాను. చెంబు అక్కడే పడేసి వడ్రంగి ఇంటికి పరిగెత్తాను. ఆయన కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చేశాడు. ఆవుల్ని వానలోకి తోలాం. బిందెలు, డ్రమ్ములు, కుడితి తొట్లు, దొరికిన ప్రతిదీ నింపాం. వడ్రంగి తను తెచ్చిన కడ్డీని వామిలోకి గుచ్చి, కాసేపాగి లాగి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే విసిరేశాడు.

తాడు ముడి విప్పుదామంటే తడికి బిగిసిపోయి రాలేదు. చివరికి నా కత్తెర తెచ్చి, నేను కుట్టిన కుట్లను నేనే కత్తిరించాను. తొడుగు లోపలివైపు నీళ్ళు ధారగా కారాయి. పైనుంచి చుక్క పడలేదక్కా, నిజమే. ఆ తడంతా లోపలినుంచి వచ్చింది. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. చదివి కూడా కుట్టాను.

పక్కనుంచి లాగుతూ పోయాం. ముందు ఆవిరి, తర్వాత గోధుమరంగు, తర్వాత నల్లటి గడ్డి, ముట్టుకుంటే పొడి. నడుమకు చేరేసరికి ఒకచోట ఎర్రగా కనిపించి, గాలి తగలగానే నాలుక చాచినట్టు లేచింది. నీళ్ళు కొట్టాం. మళ్ళీ లేచింది, మళ్ళీ కొట్టాం. పొగలో ఎవరి మొహమూ కనబడలేదు. నా చెయ్యి అప్పుడే కాలింది. సాయంత్రానికి చల్లారింది. గోడ నల్లబడింది, కప్పు నిలిచింది. వామిలో నడుమంతా పోయింది. చుట్టూ ఉన్నది బయటికి లాగి పరిచాం, దాంట్లో ఎంత పనికొస్తుందో ఎండ వస్తే గానీ తెలియదు. ఆవులన్నిటికీ మాత్రం చాలదు. కొన్నిటిని వదులుకోక తప్పదు.

అక్కా, నాకు కోపం వచ్చింది. దాచుకోను. నాకు పుల్లటి వాసన వచ్చిందని రాస్తే, నా ముక్కును నమ్మొద్దన్నట్టు 'బాగానే ఉంది' అని రాశావు. నేను దూకకుండా పైన కూర్చునే రకాన్నే, ఒప్పుకుంటాను. కానీ కింద నీ మోకాలు చీరుకుందని చెప్పాలి కదా! ముక్కు పోతే పోయిందని ఒక్క మాట రాస్తే నేనేమనుకుంటాను? ఇంకా ఏమేం దాచావు? అది రాయి. గడ్డి సంగతి కాదు, నీ సంగతి.

తమ్ముడు

*

ఆసుపత్రి
ఎండ వచ్చింది, సైకిళ్ళ సీట్లు ఆరాయి

నాన్నా,

నీ కాలిన చెయ్యి తలుచుకుని ఏడ్చాను. దగ్గు వచ్చినా ఏడ్చాను. నర్సు వచ్చి పక్కన కూర్చుంది.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఏటా బూజు పట్టిన గడ్డి దులుపుతూ ఆ దుమ్ము పీల్చీ పీల్చీ నా ఊపిరితిత్తులు మచ్చలు పడిపోయాయట. డాక్టరు నేను వచ్చిన కొత్తలోనే చెప్పాడు. ఇంటికి పంపిస్తారు, బతుకుతాను, కానీ కొట్టం గడప తొక్కకూడదు. గడ్డి ముట్టుకోకూడదు. ముక్కు తిరిగి వస్తుందో రాదో ఆయనకీ తెలియదు.

నీకెందుకు చెప్పలేదంటే, నాకు నేనే చెప్పుకోలేకపోయాను. ఆ ఊళ్ళో అందరూ గడ్డి గురించి నన్నే అడిగేవాళ్ళు. మీ బావ కూడా వామి వేసేముందు నా మొహం వైపు చూసేవాడు. కొట్టమూ లేక, ముక్కూ లేక ఆ ఇంటికి తిరిగొస్తే నేనెవర్ని? మంచం మీద కూర్చుని తిండికి ఎదురుచూసే మనిషినే కదా. అందుకని ఇక్కడినుంచే వామిని కాస్తున్నట్టు నటించాను. ఆ నటన నీ ప్రాణం మీదికి తెచ్చింది.

ఇక ఆవులన్నిటినీ అమ్మేయ్. నల్లదాన్ని మాత్రం మంచి చేతుల్లో పెట్టు. నువ్వెళ్ళి నీ దుకాణం తెరుచుకో. నన్ను ఎక్కడుంచాలో తర్వాత ఆలోచిద్దాం.

అక్క

*

ఇంటి నుంచి
పొడిగాలి వీస్తున్న పొద్దున

అక్కా,

ఉత్తరం చదివి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రాయడానికి ఏమీ లేక కాదు, ముందు చెయ్యాల్సినవి చేసి రాద్దామని.

కొన్ని ఆవుల్ని ఇచ్చేశాను. వాటిని పంపేటప్పుడు ఏడ్చాను, వడ్రంగి చూశాడు, పరువు పోయింది. నల్లదాన్నీ, దాని దూడనీ, ఇంకో రెండింటినీ ఉంచాను. ఉన్న గడ్డి వాటికి సరిపోతుంది. నా కుట్టుమిషన్ను ఇంటి ముందుగదిలోకి తెచ్చేసుకున్నాను. బట్టలు ఎక్కడైనా కుట్టొచ్చు, దుకాణానికి ఆవులు రావు కదా. ముక్కుకూ నోటికీ కట్టుకునే గుడ్డ నాలుగు పొరలతో కుట్టుకున్నాను, అది లేకుండా కొట్టంలోకి వెళ్ళను. ఒకే ఇంట్లో రెండు జతల ఊపిరితిత్తులు పోగొట్టుకోలేం.

పరిచిన గడ్డిని ఎండ వచ్చిన ప్రతి రోజూ తిరగేశాం. కాడలు ఒక్కటొక్కటే మెలిపెట్టి చూశాను. వంగినదాన్ని పక్కన పారేశాను. కొత్త వామి చిన్నది. నడుమ గాలికి గొట్టంలా ఖాళీ వదిలాం. గోనెసంచి గడ్డితో కూరి నిలబెట్టి, చుట్టూ వరసలు వేస్తూ దాన్ని పైకి లాగుతూ పోవాలని వడ్రంగి చూపించాడు. ఇనప కడ్డీ దాంట్లోనే ఉంది. తొడుగును చింపి రేకుల కింద పందిరిలా కట్టాను, చుక్కలు పక్కకు జారతాయి, వామికి ఎక్కడా ఆనదు.

నువ్వు ఈ ఇంటికే వస్తున్నావు. నీ మంచం ముందుగది కిటికీ దగ్గర వేశాను. అక్కడినుంచి కొట్టం తలుపు కనిపిస్తుంది. 'నేనెవర్ని' అని అడిగావు. నాకు గడ్డి గురించి ఏమీ తెలియదు, నాకు చెప్పాల్సిన దానివి నువ్వు.

ఈ కవర్లో గడ్డి లేదు, వెతక్కు. నీ దగ్గరికి ఆ దుమ్ము ఇక పంపను. ఇవాళ పొద్దున కొక్కెం కర్రతో నడుమ నుంచి లాగి, గుమ్మం బయటికొచ్చి, గుడ్డ కిందికి దించి నేనే వాసన చూశాను. ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసిన నూలుబట్ట మడత విప్పితే వచ్చే వాసన నీకు గుర్తుందా? అదీ, కాస్త టీ ఆకు డబ్బా మూత తీసినట్టూ ఉంది. పులుపు లేదు. తీపి అసలే లేదు. కడ్డీ చల్లగా ఉంది. కాడ విరిగింది.

ఇది బాగున్నట్టేనా అక్కా? నిజం రాయి. నువ్వు చెప్పేదాకా ఈ వామిలోంచి నల్లదానికి ఒక్క పరక కూడా వెయ్యను. అది నా వైపు చూస్తోంది, నేను పోస్టు వైపు చూస్తున్నాను.

నీ దర్జీ